సుక్క తినని జొన్న పిలకలు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక గొర్రె. జీవాల్ని భుజాన వేసుకోవడం మా వంశానికి కొత్త కాదు. దించకుండా ఇంతకాలం మోసింది మాత్రం నేనొక్కడినే అనుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

దాని పేరు సుక్క. నుదుట తెల్లమచ్చ. మా చిన్నమ్మకు పెండ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రె సంతతి. మాలో అలా వచ్చిన జీవాలూ వాటి పిల్లలూ ఆడమనిషి సొంతం. మొగుడు అమ్మాలన్నా ఆమెను అడగాల్సిందే. మా ఊరు కల్వకుర్తి పక్కన. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివేవాణ్ని.

కొన్ని బ్యాక్టీరియా గోడల్లో ఉండే ఒక అణువు జంతువుల కణాల పొరకు ఎలా అంటుకుంటుందో చూడటం నా ప్రాజెక్టు. ఆ అణువుకు కొవ్వు తోకలుంటాయి. కణం పొరలోనూ ఉండేది ఎక్కువగా కొవ్వే. గొంగడికి పల్లేరుకాయ పట్టుకున్నట్టు తోక పొరలో దిగబడుతుంది. ఆ అణువు నేరుగా రక్తంలో కలిస్తే జ్వరం, వణుకు; ఎక్కువైతే ప్రాణమే పోతుంది. పరీక్షకు గొర్రె రక్తకణాలు కావాలి. సుక్క మెడ నరంలోంచి నేనే తీసేవాణ్ని. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, అణువు పోదు. పైగా ఇంకా బాగా అంటుకుంటుంది. ఇది నేను చేసి చూసిందే. మంచి మార్కులొచ్చాయి.

ఆ సెలవుల్లో సుక్కకు పారుడు పట్టింది, ఒకటే విరేచనాలు. ఉదయం మందతో పోయి వచ్చిందిగానీ మధ్యాహ్నానికి లేవలేకపోయింది. పశువుల డాక్టరు ఊళ్లో లేడు. చిన్నాయన నావైపు చూశాడు. క్రిముల గురించి చదివినవాణ్ని కదా. నరంలోకి సెలైన్ ఎక్కించాలి. కల్వకుర్తికి పోతే సీసాలు దొరుకుతాయి. ఎండ బాగా ఉంది, పోలేదు. కారణం అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదైనా ఉందేమోనని తర్వాత చాలాసార్లు వెతికాను. తొట్టి నీళ్లు వడకట్టి, మరిగించి, చల్లార్చి, ఉప్పు కలిపి ఎక్కించాను. చిన్నమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి వణుకు మొదలైంది. ఒళ్లు కాలిపోయింది. ఎగశ్వాస. నా ప్రాజెక్టు నా కళ్లముందే జరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది. పొద్దు గూకకముందే పోయింది.

“గిట్లెట్ల వణికిందిరా?” అన్నాడు చిన్నాయన.

“జొన్న పిలకలు తిన్నట్టుంది,” అన్నాను. కోసిన జొన్నచేలో మళ్లీ మొలిచే ఆ లేత పిలకలు జీవాలకు విషమని మా దగ్గర తెలియనివాళ్లు లేరు.

“పిలక తింటె ఆడికాడనే పడ్తది గదరా?”

“కొన్నిటికి ఆలస్యంగ ఎక్కుతది, చిన్నాయనా.”

ఆయన చిన్నమ్మ వైపు తిరిగాడు. ఉదయం మంద తోలింది ఆమే. “కండ్లు యాడ వెట్టుకున్నవే? ముచ్చట్లల్ల వడ్డవా?”

“నేను తోలిన చెల్కల పిలకల్లేవయ్యా. సూసుకునే తోలిన.” ఆ తర్వాత నన్ను చూసింది. “ఏమో బిడ్డా, సదువుకున్నోనివి. నువ్వంటే తినే ఉంటది.”

ఆ రోజు నుంచి చిన్నాయన ఆమెను ఒంటరిగా మంద వెంట పంపలేదు.

నేనే చంపానా? అసలే నీరసించింది, ఎలాగూ పోయేదేమో, సీసా సెలైన్ తెచ్చినా దక్కేది కాదేమో. రుజువు లేదు. ఆ రుజువు లేకపోవడాన్ని నేను ఇన్నేళ్లు చాలా జాగ్రత్తగా కాపాడుకున్నాను. పిలకల విషయంలో మాత్రం ఏ అనుమానమూ లేదు. అవి మొలిచింది నా నోట్లో.

ఇప్పుడు నల్లగొండలో పాఠాలు చెబుతున్నాను. మరిగించినా గోడ ముక్కలు మిగులుతాయన్న పాఠం వచ్చినప్పుడు పిల్లలు నన్ను మెల్లగా చెప్పమంటారు. ఊరికి పోతే చిన్నమ్మ కోడళ్లకు పాఠం చెబుతుంటుంది: “జర సూసి తోలుండ్రి బిడ్డా. నేనొక్కనాడు సూడక సుక్కను వోగొట్టుకున్న.” నేను పక్కనే కూర్చుని అన్నం తింటుంటాను. ఆమె ఇంకొంచెం వేస్తుంది. తింటాను.

ఆ చెలకలో పిలకలు లేవు. చిన్నమ్మ చూసుకునే తోలింది.

ఈ రెండు మాటలు ఆమెకు ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెప్పాను. గొర్రె దిగలేదు. భుజం మార్చుకున్నాను, అంతే.