బోర్మాలో ఆరిన సముద్రం

ఆ రోజుల్లో అంటే తాతల కాలమేమీ కాదు, పండగ శుభాకాంక్షలన్నీ ఫోన్లోనే వచ్చి ఫోన్లోనే చెరిగిపోవడం అప్పటికే మొదలైంది. అలాంటప్పుడు చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసి బతుకుతానని పట్టుబట్టిన మనిషికి ఎంత తెలివి ఉంటుందో నాకూ అంతే ఉండేది. డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. నాన్నకి ఉద్దానంలో కొబ్బరితోట, పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మావకి (అమ్మ తమ్ముడు) జీడిపప్పు ఫ్యాక్టరీ. దీపావళికి మావ తన దగ్గర పప్పు కొనే పైఊళ్ల షావుకార్లకి నా కార్డులు పంపుతాడు, అవి నచ్చితే నా దారి నాది, లేదంటే పండగ వెళ్లాక మావ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోవాలి అని నాన్న తేల్చేశాడు. ఆ కంప్యూటర్ని నేను చూశాను. దాని కీబోర్డు సందుల్లో జీడిపొట్టు ఉంటుంది.

కాగితం తడిపి, ఆ తడి మీదే నీలం రంగు వదిలితే అది తనంతట తాను పాకి సముద్రమవుతుంది. ఆరకముందే కల్లుప్పు చల్లితే, పలుకు పడ్డచోటల్లా రంగు విడిపోయి చుక్కలు పూస్తాయి. నేను చూసి నేర్చుకున్న వీడియోలో ఆవిడెవరో చిటికెడు చల్లింది. మాకు నౌపడ ఉప్పుమళ్లు పక్కనే కాబట్టి నేను పులుసులో వేసినట్టు వేశాను. ఆపైన చేత్తో తిప్పే చిన్న మిషన్లో ఇనప అచ్చు పెట్టి, కార్డు మధ్యలో మామిడిపిందె ఆకారంలో కిటికీ కోశాను. (చీర అంచు మీద ఉంటుందే, ఆ మామిడిపిందె.)

ఇక ఆరాలి. బయట ముసురు, సముద్రపు గాలి, కార్డు నిండా ఉప్పు. అవి ఆరడం అటుంచి పూటపూటకీ కొత్తగా చెమ్మ పుట్టిస్తున్నాయి. ఇస్త్రీపెట్టె పెడితే సముద్రం ఇస్త్రీపెట్టెకి అంటుకుంది. చివరికి అమ్మే చూడలేక, మావ ఫ్యాక్టరీ బోర్మాలో పెట్టమంది. బోర్మా అంటే పొట్టు ఊడేలా పప్పుని ఆరబెట్టే వేడి అర. పప్పు ట్రేల మధ్య ఒక పూట పడుకుని నా సముద్రాలు అప్పడాల్లా బయటికి వచ్చాయి. వాసన చూడాలని నాకు తోచలేదు. పలాసలో జీడిపప్పు వాసనని ఎవరూ వాసన కింద లెక్కెయ్యరు.

కార్డులు చేరాయి, మావకి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి షావుకారు పండగ మాటే ఎత్తలేదు. కవరు విప్పితే పప్పు వాసన వచ్చింది, పప్పు ఆకారంలో చిల్లూ ఉంది, మరి శాంపిల్ ఎవరు తిన్నారని అడిగాడు. (బేరానికి ముందు గుప్పెడు పప్పు శాంపిల్ పంపడం మావాళ్ల ఆనవాయితీ.) తర్వాత చేసినవాళ్లదీ అదే ప్రశ్న. ఒకాయన అప్పటికే కొరియర్ వాళ్లతో గొడవకి దిగాడట. మావ ఫోన్ పక్కన పెట్టి నావైపు చూశాడు.

"అది మామిడిపిందె మావా," అన్నాను.

"నువ్వంతన్నావు అమ్మీ. పలాసలో ఎవుల్నడిగినా ఏటంతారో సూడు."

ఆ సాయంత్రమే అందరికీ శాంపిళ్లు వెళ్లాయి, అడగనివాళ్లక్కూడా. పండగయ్యాక ఎన్నడూ లేనన్ని ఆర్డర్లు వచ్చాయి. పిల్ల బుర్రే బుర్ర అని మావ నాన్నతో చెప్పాడు. కొత్త సంవత్సరానికి మళ్లీ కార్డులు చెయ్యమని నాకు చెబుతూ ఒక్క సవరణ చేశాడు.

"ఆ నీలం రంగు ఒగ్గీ. సిల్లులో ఓ పప్పు అంటించీ, సాలు."

అలా నేను గెలిచాను. కంప్యూటర్ తప్పింది. నా సముద్రం గురించి మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క అనలేదు, అందుకు చాలా రోజులు బాధపడ్డాను.

మొన్న మావ ఆఫీసుకి వెళ్తే, అప్పట్లో మిగిలిపోయిన కార్డొకటి క్యాలెండర్ వెనక మేకుకి కనబడింది. తీసి వాసన చూశాను. ఏమీ లేదు. నీలం మాత్రం అలాగే ఉంది, ఎంత దులిపినా పోని ఉప్పు పలుకులతో సహా. ఏటి సూత్తన్నావని మావ అడిగితే, సముద్రం అన్నాను. మావ కళ్లజోడు పెట్టుకుని, కార్డు అటూ ఇటూ తిప్పి, పప్పుని పరీక్ష చేసేటప్పటిలాగే ఒక పలుకు గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. చప్పరించాడు.

"సముద్రమే అమ్మీ," అన్నాడు.

కీబోర్డుకి భయపడి రాశులకొద్దీ ఉప్పు చల్లిన ఆ పిల్ల ఈ మాట విని ఉంటే ఎంత పొంగిపోయేదో అనుకుంటూ, ఇల్లు చేరేదాకా నవ్వుకున్నాను.