గంట మోగాక పడిన గుద్దు

కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే ఆయన్ని అందరూ సుత్తి అనేవారు. ఆ పిడికిలి చూసినవాళ్లు ఒక అర్థంలో అంటే, ఇరవై రెండేళ్ల నాటి బాక్సింగ్ పోటీ కథ పదేపదే విన్నవాళ్లు రెండో అర్థంలో అనేవారు. ఆ పోటీ చివరి రౌండులో ఆయన కొట్టిన దెబ్బకు ఎదుటివాడికి ఎడమ పక్క పడిపోయింది, మాట తడబడింది. గంట మోగాక కొట్టాడని కొందరన్నారు. మోగకముందేనని సుత్తి ఒట్టు పెట్టుకునేవాడు. అది అబద్ధమని ఆయనకూ తెలియదు.

పాత పోటీలను వారం పాటు మధ్యాహ్నాలు మళ్లీ చూపిస్తామని ఒక చానెల్ చెప్పింది. ఒక్కసారి చూస్తే ఆయనకు సరిపోదు, దాచుకుని నలుగురికీ చూపించాలి. రికార్డు చేసే కొత్త కంప్యూటర్ కొనే తాహతు లేదు. ఏదో ఆఫీసువాళ్లు తీసిపారేసిన కంప్యూటర్ డబ్బా, సెకండ్ హ్యాండ్ టీవీ కార్డు, మూలపడ్డ సీసీ కెమెరా పెట్టెలోంచి హార్డ్ డిస్కు పోగుచేశాడు. సాఫ్ట్‌వేర్ సంగతి కాలేజీలో చదివే కూతురు చూసుకుంది. మొదటి రోజు బొమ్మ పడింది, శబ్దం పడలేదు. గంట వినపడని బొమ్మ దేనికని విసుక్కుని ఇంకో వైరు అతికించాడు. మర్నాడు కార్డు వేడెక్కి ఆగిపోతే దాని పక్కనే ఫ్యాను బిగించాడు.

"ఆ నెత్తురు మళ్లీ ఇంట్లోకెందుకండీ?" అంది భార్య.

నాలుగో రోజు ఆయన పోటీ రికార్డయింది. సాయంత్రం ముగ్గురూ కూర్చుని చూశారు. బరిలో ఇద్దరూ గొడ్లను బాదినట్టు బాదుకున్నారు. చివరి రౌండు అయిపోయినట్టు గంట ఖంగుమంది. ఎదుటివాడు చేతులు దించి తన మూలకు తిరిగాడు. తెర మీది సుత్తి రెండడుగులు వేసి వెనకనుంచి చెవి కింద గుద్దాడు. మనిషి కూలిపోతుంటే ఇంకొకటి.

కూతురు వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. "గంట మోగాకే నాన్నా," అంది మెల్లగా.

చెంప ఛెళ్లుమంది. పిల్ల కుర్చీతో సహా కిందపడింది, పెదవి చిట్లింది. భార్య కూతుర్ని లేవదీసి గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టింది. ఆయన ఒంటరిగా ఆ ముక్కను ఇంకో ఆరుసార్లు చూశాడు.

తెల్లవారాక డబ్బా చంకన పెట్టుకుని ఎదుటివాడి ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది వాళ్ల అన్న, లారీ మెకానిక్.

"గంట మోగాకే కొట్టాను. ఇందులో ఉంది," అన్నాడు సుత్తి, డబ్బా కింద పెడుతూ.

అన్న మెడ పట్టి లోపలికి లాగి గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. కడుపులో మోకాలు దిగింది. కిందపడ్డాక డొక్కల్లో తన్నాడు, ఒక పన్ను ఊడి గచ్చు మీద పడింది. సుత్తి రెండు చేతులూ వెనక్కి పెట్టుకునే ఉన్నాడు. చక్రాల కుర్చీలోని తమ్ముడు కుడిచేత్తో కుర్చీని టపటపా బాదేదాకా అన్న ఆగలేదు.

తమ్ముడు డబ్బా వైపు చూపించాడు. "పె... పెట్టు," అన్నాడు.

నెత్తురు చొక్కాకు తుడుచుకుంటూ సుత్తి వాళ్ల టీవీకి వైరు తగిలించాడు. మూడో రౌండులో తన గుద్దుకు సుత్తి కనుబొమ చీలి, మోకాళ్ల మీద కూలబడినచోట తమ్ముడు సగం నోటితో నవ్వాడు. "మళ్లీ," అన్నాడు. నాలుగుసార్లు వేయించుకున్నాడు. చివరి రౌండు అడగనేలేదు. అన్న ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

డబ్బా అక్కడే ఉండిపోయింది. కూతురు రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. తప్పు తనదేనని ఆయన ఒకసారి చెప్పి, ఆ తర్వాత బతిమాలకుండా ఊరుకున్నాడు.