నవ్వు వెంట వచ్చే నిద్ర

జర్మనీ యుద్ధం మొదలు కావడానికి ముందు ఏడాది, మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనికి కుదిరాను. అప్పటికి నాకు పదహారేళ్ల నాలుగు నెలలు. నాయన గనిలో రాతిదుమ్ము మింగి మింగి, దగ్గు పట్టి మంచాన పడ్డాడు. అమ్మ అంతకు మూడేళ్ల ముందే పోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నేను పనికి పోవాల్సిందే.

కార్ఖానాలో ఎనిమిది మంది ఆడవాళ్లం. నలుగురికి నలుగురు ఎదురెదురుగా నేల మీద కూర్చుని, కోసి తెచ్చిన రాతి పలకలను తడి ఇసుకతో రుద్ది నునుపు చేసేవాళ్లం. నాకు పట్టపగలు నిద్ర వచ్చేది. చెయ్యి మాత్రం రుద్దుతూనే ఉండేది. కళ్లు పూర్తిగా మూతపడకముందే కల మొదలయ్యేది. తొట్టిలో నీళ్లు గుండ్లకమ్మ ఏరు అయ్యేవి, అందులో అమ్మ నిలబడి చీర జాడించేది. మెలకువ వచ్చి చూస్తే పలక ఒక్కచోటే పల్లంగా అరిగి ఉండేది. అలాంటివి మేస్త్రీ ఏమీ అనకుండా పక్కకు తీసేవాడు. నిద్రను ఆయన ఓర్చుకున్నాడు.

ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. నా ఎదుట కూర్చునే ఆమె సాయిబుల ఇంటి కోడలు, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పొద్దున నన్ను చూడగానే పక్కకు జరిగి తన గోనెపట్టా మీద సగం చోటు ఇచ్చేది. ఆమె నోరు తెరిస్తే షెడ్డంతా నవ్వు.

"మేస్త్రీ మీసం చూసినారా? ఒకపక్క కంభం పోతాంటే ఇంకోపక్క కురిచేడు పోతాంది. నడుమ ముక్కే టేసను."

నేనూ నవ్వాను. నవ్వు మొదలవగానే దవడ వదులైంది, మెడ వాలింది. చేతిలో పలక జారి రెండు ముక్కలైంది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాను. అన్నీ వినిపిస్తున్నాయి, వేలు కూడా కదలదు. మూర్ఛ అన్నారు. తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టి వేళ్లు మూశారు. నూట ఇరవై లెక్కపెట్టేసరికి ఒళ్లు నా మాట వింది. తాళంచెవుల మహిమ అన్నారు.

అలా తొమ్మిదిసార్లు అయింది. తొమ్మిదోసారి మేస్త్రీ నన్ను బయటికి పిలిచాడు.

"పలక పోతే పోయిందిలే. ఏ రాయి మీదనో పడి తల పగిలితే మీ నాయనకు నేనేం చెప్పాల తల్లీ? ఇంకొకసారి పడితే పనికి రావద్దు."

అప్పటికే నేను లెక్క పెట్టుకుంటున్నాను. పల్లంగా అరిగిన పలక ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. బలపంతో రాస్తే చెరిగిపోతుందని మేకుతో గీశాను. ఒకవైపు తేదీ, ఒకవైపు పడకముందు ఏం జరిగిందో. ఆ సాయంత్రం దీపం ముందు పెట్టి చూశాను. నలభై ఒక్క రోజుల్లో తొమ్మిదిసార్లు పడ్డాను. నాయన దగ్గు చూసి ఏడ్చిన రోజు పడలేదు. తేలు కనబడి అదిరిపోయిన రోజు పడలేదు. పడిన తొమ్మిదిసార్లూ అక్క మాటకు నవ్వినప్పుడే.

ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. నమ్మినా నా ముందు నవ్వడం మానేస్తారు. మర్నాడు మేస్త్రీని అడిగి గోడవైపు తిరిగి కూర్చున్నాను. వీపుకు కూడా మాటలు వినపడతాయి కదా. అందుకని అక్క మొదలుపెట్టగానే లోపల ఎక్కాలు చదివేదాన్ని. పదమూడు వరకు నోరు దానంతట అదే చదువుతుంది, చెవి ఖాళీగా ఉంటుంది. పదిహేడుకు మనసంతా కావాలి. పదిహేడే ఎంచుకున్నాను.

ఆదివారం చర్చిలో మాత్రం హాయిగా ఉండేది. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటారు, నేనూ మూసుకుని నిద్రపోయేదాన్ని. పెదవులు కదిలేవట. "ఈ బిడ్డలాగ ప్రార్థనలో మునగండి" అని పాస్టరుగారు రెండుసార్లు అందరి ముందు అన్నారు. నేను కాదనలేదు.

అక్క ఊరుకోలేదు. "ఏందే, నా మొగం చూస్తే పాపమా? ఆ గోడ నాకంటే బాగా మాట్లాడతాందా?" అంది. ఇంకోరోజు, "మీ పాస్టరు మెచ్చుకున్నాడంట. ఇంక మా నవ్వులు నీకెందుకులే" అంది. నేను పలక రుద్దుతూ పోయాను. తర్వాత అడగడం మానేసింది. గోనెపట్టా మీద నా సగంలో ఇంకొకామె కూర్చుంది.

గోడవైపు తిరిగాక ఏడు నెలల్లో ఒక్కసారీ పడలేదు.

నా యాభై మూడో ఏట కర్నూలులో ఒక డాక్టరు దీని సంగతి చెప్పాడు. కలగనే వేళ ఒళ్లు కదలకుండా సడలిపోతుందట, అది అందరికీ ఉన్నదే. నాలాంటి వాళ్లకు ఆ సడలింపు మెలకువలోనే, నవ్వినప్పుడు వచ్చి పడుతుందట. ఇది మూర్ఛ కాదు, నిద్ర జబ్బు అన్నాడు. ఈ మాట అక్కకు చెప్పాలని మొదట అనిపించింది. ఆమె ఎక్కడుందో అప్పటికే నాకు తెలియదు.

ఆ ఏడు నెలల చివర ఆమె మొగుడు కురిచేడు స్టేషను దగ్గర దుకాణం పెట్టుకున్నాడు. కార్ఖానాలో తన చివరిరోజు ఆమె లేచి వచ్చి, నాకూ గోడకూ నడుమ ఉన్న మూరెడు చోటులో ఇరుక్కుని కూర్చుంది.

"రేపు పోతాండా. ఒక్కసారి నవ్వవే, చూసిపోతా."

మేస్త్రీ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమె నా గడ్డం పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. వెనక ఆరుగురూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను ఆమె కళ్లలోకి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆమె చెయ్యి తీసేసింది. "సరేలే అమ్మా" అని లేచి పోయింది.

ఆ రోజు ఆమె ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క తెలియదు. ఆమె లేచేసరికి నేను పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు దగ్గర ఉన్నాను.