పోన్లేవే, తిన్నావా?

రోజూ సాయంత్రం ఐదున్నర దాటితే నా అరచేతులు తడిసేవి. ఆరింటికి నాన్న ఫోన్ చేస్తారు. "ఏమ్మా, ఇవాళ ఏం చదివావు?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆ ఏడు సివిల్స్ ప్రిలిమ్స్‌కి నేను దరఖాస్తే పెట్టలేదని ఆయనకు తెలియదు.

ఎందుకు పెట్టలేదో చెబుతాను. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటితో గడువు అయిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి, ఒక్క ఆట ఆడి ఫారం నింపుదామని ఢిల్లీ మునిర్కాలోని గదిలో మంచం మీద కూర్చున్నాను. ఫోన్‌లో నలుగురం జట్టుగా చేరి ఎదుటి జట్లను కాల్చే ఆట అది. ఓడిపోయాం. ఓడినచోట ఆపడం నా వల్ల కాదు. నన్ను ఎవరు కాల్చారో గుర్తుపెట్టుకుని మళ్లీ వెతికే రకం నేను. అలా వెతుకుతూ ఉండగా ఆట ఆగిపోయి, తెర మీద "నాన్న" అని వెలిగింది. ఆరయింది.

"ఫారం పెట్టేశావా తల్లీ?"

"పెట్టేశాను నాన్నా."

ఆ అబద్ధాన్ని మూడు నెలలు మోశాను. నిజం తెలిసింది నా గదిలో ఉండే వరంగల్ అమ్మాయికి ఒక్కదానికే. "నువ్వు ఆడుతున్నప్పుడు రెండుసార్లు జెప్పిన, ఫారం నింపుమని. ఆఁ ఆఁ అన్నవ్," అంది.

"గట్టిగా చెప్పలేదు."

"ఇగ కొట్టి జెప్పాల్నా?"

ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా, మేం చదువుకునే లైబ్రరీ గోడ మీద కాగితం చూసి నన్ను బయలుదేరదీసింది ఆ పిల్లే. ఫోన్ ఆటలు మానలేకపోతున్న మా వయసువాళ్లకు వసంత్ కుంజ్ దగ్గర ఒక కాలేజీలో ఆరు వారాల శిక్షణ, శనివారం ఉదయాలు. ఎనిమిది మందిమి గుండ్రంగా కూర్చున్నాం. చెప్పే ఆమెను అందరూ దీదీ అనేవారు. "ఖుద్ పర్ దయా," అని మొదలుపెట్టింది, మన మీద మనకే దయ అని.

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో "దాని మీద దానికే జాలి" అంటే తిట్టు. "నా జాలి నాకేం అక్కర్లేదు," అని తెలుగులో గొణిగాను. ఆమెకు అర్థమైంది. వాళ్లమ్మానాన్నలు తెలుగువాళ్లట, ఈమె పెరిగింది ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో. జవాబు మాత్రం హిందీలోనే ఇచ్చింది: జాలి పైనుంచి చూస్తుంది, నేను చెప్పేది పక్కన కూర్చోవడం గురించి అని. మాట బాగానే ఉంది. తెలుగు తెలిసి కూడా నాకు హిందీలో జవాబు చెప్పడం మాత్రం బాగాలేదు. ఇప్పటికీ బాగాలేదు.

రెండో వారం, ఎవరికి వాళ్లం మాతృభాషలో ఉత్తరం రాసుకోమంది. నాలుగేళ్లుగా జవాబులు రాసిన చెయ్యి కదా, పరిచయం, కారణాలు, ముందున్న మార్గం అని శీర్షికలు పెట్టి, కింద గీతలు గీసి రాశాను. కారణాలు ఏడు. మొదటిది ఆఖరి రోజు సతాయించే వెబ్‌సైటు. రెండోది నా జట్టులో "ఔర్ ఏక్ మ్యాచ్" అంటూ ఇంకో ఆటకు లాగే నోయిడా కుర్రాడు. మూడోది గట్టిగా చెప్పని వరంగల్ అమ్మాయి. దీదీకి తెలుగు చదవడం రాదు, నన్నే పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చెప్పించుకుంది.

"ఇస్‌మేఁ ఆప్ కహాఁ హో?" అంది. ఇందులో మీరెక్కడున్నారు అని.

ముగ్గురు నవ్వారు. ఎవరెవరో ఇప్పుడు కూడా చెప్పగలను.

"ఇదే పని మీ రూమ్‌మేట్ చేసి ఉంటే ఏమనేవారు?"

"తిట్టేదాన్ని."

"నిజంగానా?"

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు ఫలితాలొచ్చిన రోజు ఆ పిల్ల జాబితాలో తన నంబరు లేక గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చుని, "పోన్లేవే, తిన్నావా?" అన్నాను. అంతే. ఎవరికీ దేన్నీ "పోన్లే" అనని మనిషిని, ఆ రోజు ఎలా అన్నానో తెలియదు.

"అబ్ ఖుద్ సే బోలో," అంది దీదీ, ఇప్పుడు అదే మాట మీకు మీరు చెప్పుకోండి అని.

ఆమె చూపించినట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. నోరు తెరిస్తే "దరిద్రపుదానా" అని వచ్చింది. రోజూ నన్ను నేను పిలుచుకునే పేరు అదే. అలా తిట్టుకున్నాకే భయం వేస్తుందనీ, భయానికి చెయ్యి ఫోన్ మీదికి పోతుందనీ, ఆడాక మళ్లీ తిట్టుకుంటాననీ ఆమె బోర్డు మీద ఒక చక్రం గీసింది. తిట్టుకోకపోతే ఇంకా చెడిపోతానని నేను వాదించాను. వారమంతా మనసులో వాదిస్తూనే ఉన్నాను. కానీ ఐదున్నరకు తిట్టుకోవడం, ఐదూ ముప్పావుకు ఆట తెరవడం, వారమంతా నా కళ్ల ముందే జరిగింది.

నాలుగో వారం తర్వాత నాన్న ఆరింటి ఫోన్‌లో, "సెంటర్ ఎక్కడ పడిందమ్మా? నేనూ వస్తున్నా. టికెట్ తీసేశాను. నువ్వు రాస్తుంటే గేటు బయట కూర్చుంటాను," అన్నారు.

ఇంకా తెలియలేదని చెప్పి పెట్టేశాను. మర్నాడు ఐదున్నరకు ఆట గుర్తు మీదికి వేలు వెళ్లింది. వరంగల్ అమ్మాయి చూస్తోంది. చెయ్యి గుండె మీద పెట్టుకుని, సిగ్గుపడుతూనే, "పోన్లేవే, తిన్నావా?" అన్నాను. నిజంగానే తినలేదు. పొద్దుటి పరాఠా చల్లారిపోయి ఉంటే అదే తిన్నాను. భయం పోలేదు, కాని ఫోన్ మోగేదాకా ఆ భయంతోనే కూర్చోగలిగాను.

"సెంటర్ తెలిసిందా?"

"సెంటర్ లేదు నాన్నా. నేను ఫారం పెట్టలేదు. ఆ రోజు ఫోన్‌లో ఆడుతూ కూర్చుండిపోయాను. మీకు అబద్ధం చెప్పాను."

వెనక అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. ఫోన్ కట్టయింది.

మర్నాడు ఆరింటికి ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రాకపోవడం ఇంకా పెద్ద భయమని అప్పుడే తెలిసింది. రెండో రోజు ఒక ఆట ఆడాను కూడా. శనివారం ఆ సంగతి అందరి ముందూ చెప్పాను. నవ్విన ముగ్గురూ ఈసారి నవ్వలేదు.

నాలుగో రోజు ఆరింటికి మోగింది.

"టికెట్ కన్ఫర్మ్ అయింది," అన్నారు.

"నాన్నా, పరీక్షే లేదు."

"వినపడింది. చెవులు బానే ఉన్నాయి నాకు."

కోపంగా అన్నారో మామూలుగా అన్నారో తెలియలేదు. ఆయన రైలు వచ్చే పొద్దున నిజాముద్దీన్ స్టేషన్‌లో మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాను. బోగీలోంచి సంచీతో దిగారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"తొంభై ఒక్కసార్లు అబద్ధమాడావు. క్యాలెండర్ తీసి లెక్కపెట్టాను," అన్నారు.

దేన్నీ మరిచిపోని ఈ గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ప్లాట్‌ఫారం మీద తెలిసింది.

"మీరు మూడు రోజులు ఫోన్ చేయలేదు," అన్నాను.

ఆయన సంచీ కింద పెట్టి, కూలీల వైపు చూశారు. తర్వాత, "తిన్నావా?" అన్నారు.

పోన్లే అనలేదు. ఇంతవరకూ అనలేదు.