పాపి వేషానికి మాటల్లేవు

మా కళింగపట్నం బాప్టిస్టు చర్చిలో సాతాను అంటే ధనరాజ్ మావే. ఏటా ఈస్టర్ ముందు శనివారం సాయంత్రం చర్చి ఆవరణలో నాటకం వేస్తారు. బొగ్గుపొడి కొబ్బరినూనెలో కలిపి ఆయన మొహానికి పూసే పని నాది. ఆయన మా అమ్మకు తమ్ముడు. పగలంతా చేపల పెట్టెల కోసం ఐసు కొడతాడు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఆయన అరుపు వింటే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. చివర్లో క్రీస్తు వేషం వేసినవాడు చెయ్యెత్తగానే మావ దబ్బున వెల్లకిలా పడేవాడు. ఆ పడటం చూడ్డానికే పక్కనున్న గార ఊరి నుంచి కూడా జనం వచ్చేవారు.

ఇన్నేళ్ళు చర్చినే పట్టుకుని ఉన్న మనిషికి బాప్తిస్మం మాత్రం లేదు. మా చర్చిలో పసిపిల్లలకు ఇవ్వరు. నమ్మినవాళ్ళు తమంతట తాము అడిగి నీళ్ళలో మునగాలి. మావ అడగలేదు. కారణం సారా. "మానీసినాక మునుగుతాను" అనేవాడు. మానేవాడు, మళ్ళీ పట్టుకునేవాడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదన్నట్టు ఏళ్ళు గడిచిపోయాయి. నాకు ఒళ్ళు మండేది. బొగ్గు పూస్తూనే మొహం మీద అనేసేదాన్ని.

"ఒంటికి మురికున్నాదని తానం మానేస్తారేటి మావా?"

"సాతానుకి బోధ సెయ్యకే" అని నవ్వేవాడు.

ఆ నవ్వు వెనక ఉన్నది భయమని ఆయన భార్య జ్ఞానసుందరి అత్త చెప్పేదాకా నాకు తెలీదు. పోయినేడు మావకు పచ్చకామెర్లు వచ్చాయి. ఇంక తాగితే మనిషి దక్కడని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. ఒకరోజు ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ అత్త మెల్లగా అంది.

"రాత్రుళ్ళు లేచి కూకుంటాడే మీ మావ. ఆ సాతాను నన్ను ఊరికే వదల్డు సుందరీ, ఇన్నేళ్ళు ఆడి పనే సేసినాను అంటాడు. నాటకంలో ఏటేటా క్రీస్తు ఆడిని ఓడించీసినా, ఈ మనిషికి నమ్మకం కుదర్నేదు."

ఇంకో చేప తిరగేసి మళ్ళీ అంది. "పరలోకంలో ఈ మనిషి లేపోతే నేనెవలితో దెబ్బలాడాల?"

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను.

ఆ జబ్బు మావ గొంతు తినేసింది. అందుకని ఈ ఏడు సాతాను వేషం సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే బాబీకి వెళ్ళింది. పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు మావకు పాపి వేషం ఇచ్చారు. మావ అలిగాడు.

"నాకు డైలాగులేవే?" అని నన్ను నిలదీశాడు.

"పాపికి మాటల్లేవు మావా."

"మరేటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యక్కర్లేదు. సేతులు కట్టించుకుని నిలబడాల. సాతాను నేరాలు సెప్తాడు. క్రీస్తు వచ్చి కట్లు విప్పుతాడు."

"ఊరికే నిలబడ్డానికి నానెందుకు?" అని సణిగి, అత్త కసిరితే ఒప్పుకున్నాడు. కట్టు మాత్రం ఉత్తుత్తిది కాకూడదన్నాడు. తనతో ఐసు వ్యాన్ నడిపే పాల్‌ది క్రీస్తు వేషం. ఆ పాల్ చేతనే కొబ్బరితాడుతో, ఐసు పెట్టెలకు వేసే ముడి వేయించుకున్నాడు.

నాటకం మొదలైంది. "ఈ మనిషి నావాడు" అని బాబీ బాగానే అందుకున్నాడు. తర్వాత మాట మర్చిపోయాడు. జనం అసహనంగా కదిలారు. ఆ మాటలన్నీ కంఠతా వచ్చిన మావ, కట్టేసిన చేతులతోనే పక్కనుంచి అందించాడు.

"తాగినాడు అను."

"తాగినాడు" అన్నాడు బాబీ.

"అబద్ధాలాడినాడు."

బాబీ అదీ అన్నాడు. నాటకంలో నేరాలు అక్కడికి అయిపోయాయి. మావ ఆగలేదు.

"కన్నతల్లి సచ్చిపోయిన్రోజు సారాకొట్టు కాడ ఉన్నాడు. పెళ్ళాం జొరంతో పడుంటే గిన్నెడు గంజి కాసివ్వనేదు."

బాబీ సగం పలికి, సంగతి అర్థమై నోరు మూసుకున్నాడు. అత్త తల దించుకుంది. బొగ్గు గిన్నె పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

పాల్ ముందుకు వచ్చాడు. "ఈ నేరాలన్నీ నా మీద వేసుకుని చనిపోయాను. మరణాన్ని గెలిచి లేచాను. ఇతని మీద నీకిక హక్కు లేదు" అన్నాడు. బాబీ బట్టలు సర్దుకుంటూ నెమ్మదిగా కింద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

పాల్ మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పబోయాడు. రాలేదు. ఊరికే ఉండటం తెలియని మావ తనూ మణికట్లు తిప్పి గుంజడం మొదలుపెట్టాడు. పాల్ తను వేసిన వేషం మర్చిపోయాడు.

"మావా, నువ్వు గుంజకు. గుంజినకొద్దీ బిగిసిపోతాది. సేతులొదిలెయ్."

మావ చేతులు వదిలేశాడు. పాల్ వేళ్ళతో కొంత, పళ్ళతో కొంత లాగాడు. తాడు జారి కిందపడింది. మావ కందిన మణికట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. పాపికి మాటల్లేవు గానీ ఆయన అడిగాడు.

"నాను ఏటీ సెయ్యక్కర్లేదా?"

"నేదు మావా" అన్నాడు పాల్. "ఆయనే సేసీసినాడు. అయిపోనాది."

మావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున ఒడ్డున ఆరాధన ముగిశాక, వంశధార సముద్రంలో కలిసేచోట అయ్యగారు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. అందరికంటే ముందు మావ దిగాడు.

"అయ్యగారూ, నాకింకా తాగుడు పోనేదు. మునిగినాక కూడా పడిపోతానేమో. అయినా వచ్చినాను."

"అలాగే రా నాయనా" అన్నారు అయ్యగారు.

ముంచి లేపారు. అత్త తువ్వాలు పట్టుకుని, ఒడ్డుకొచ్చేదాకా ఆగలేక చీరతోనే నీళ్ళలోకి నడిచింది. ఆయన తల వంచి గట్టిగా తుడిచింది. ఏడుస్తూనే కసిరింది.

"ఇంక అక్కడా నీతోనే దెబ్బలాట నాకు."