ఫోన్లు లాక్కునే బుల్లమ్మ

బుల్లమ్మ ఎదురైతే మా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఎవరైనా ముందు ఫోను దాచుకుంటారు, తర్వాతే నమస్కారం పెడతారు. ఆమె దొంగ కాదు. గని టౌన్‌షిప్‌లో లైబ్రరీ చూసుకునే మనిషి. ఆమెకున్న జబ్బల్లా ఒక్కటే: కంటబడ్డ ప్రతి ఫోనూ లాక్కుని, అందులో తన లైబ్రరీ కనిపిస్తుందో లేదో వెతికి చూడాలి.

"నీ ఫోనులో చూసుకోవచ్చు కదా బుల్లమ్మా?" అన్నానొకసారి. ఇక్కడి బళ్లో పాఠాలు చెప్పేవాణ్ని, సాయంత్రాలు లైబ్రరీలోనే గడిపేవాణ్ని. ఆ మాత్రం చనువుంది.

"నా ఫోనుకు నేనంటే మొగమాటం సారూ. ఏమడిగినా ముందుగాల నా లైబ్రరీనే సూపెడ్తది. నన్నెరగని ఫోను గావాలె. అది నిజం జెప్తది."

ఈ ఫోన్ల వేట మొదలవకముందు పుస్తకాల వివరాలన్నీ ఆఫీసు కంప్యూటరులో పాస్‌వర్డు తాళం వెనక ఉండేవి. బయట ఎవరు ఎంత వెతికినా ఒక్క పుస్తకం జాడ తెలిసేది కాదు. ఏడాదిగా కొత్తవాళ్లెవరూ రాలేదని టౌన్‌షిప్ ఆఫీసరు ఆమెను పిలిపించాడు. నెలాఖరుకు లైబ్రరీ మూసేస్తామన్నాడు.

"ఇంటర్నెట్ కాలంలో లైబ్రరీ దేనికమ్మా?"

"అయితే లైబ్రరీని గా ఇంటర్నెట్‌లకే దెస్త సార్" అంది బుల్లమ్మ.

తెచ్చింది. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ, ఎవరైనా తెరిచి చూసేలా. పేరు, ఏ బీరువాలో ఉందో ఆ వివరం, దాని కింద జనం నోటి మాటలు. పశువుల రోగాల పుస్తకం కింద "మేక మేత ముడ్తలేదు" అని తెలుగులో రాసింది, హిందీలో రాసింది, చుట్టుపక్కల అడవి పల్లెల్లో మాట్లాడే దోర్లీలో ఏమంటారో కూరలమ్మే పొజ్జేను అడిగి అదీ రాసింది.

"జనం పుస్తకం పేరు ఎతకరు సారూ. కష్టం ఎతుకుతరు."

పొద్దున్నే బైలాడిలా కొండల మీంచి మంచు దిగి వచ్చి ఊరిని పాలలో ముంచినట్టు ముంచేది. సిగ్నలు కూడా అందులోనే కరిగిపోయేది. ఆ మంచులో లైబ్రరీ మెట్ల మీద, ఎవరిదో ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఒక ఆకారం నిలబడి ఉండేది. ఫోను సొంతదారు వెనక చలికి వణుకుతూ ఉండేవాడు.

మంగలి ఉప్పలయ్య ఎవరి గడ్డానికో నురుగు పూస్తుంటే అతని జేబులోంచి తీసుకుంది. ముత్తయ్య పెళ్లి పీటల మీద ఉండగా చెయ్యి చాపింది.

"బుల్లమ్మక్కా, తాళి కట్టినంకనన్న సూడు!"

"అప్పుడు నీ దగ్గర ఫోనెక్కడుంటది రా? నీ పెండ్లాం చేతులుంటది."

ఆఫీసరునూ వదల్లేదు. జీపు దిగుతున్నవాణ్ని ఆపి, "సార్, జర ఇటియ్యండి" అంది. ఆయన బిత్తరపోయి ఇచ్చేశాడు.

ఒకరోజు నా ఫోను తిరిగి ఇచ్చాక చూస్తే అందులో ఒక పేజీ తెరిచే ఉంది. పిల్లలు నిద్రపోకుండా పాఠం చెప్పడమెలా అన్న పుస్తకం.

"ఇదే ఎందుకు వెతికావు?"

"ఏదో ఒకటి ఎతకాలె గద సారూ" అంది అమాయకంగా.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ పుస్తకం చొక్కా కింద దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నెలాఖరు వచ్చింది. ఆఫీసరు తాళం పట్టుకుని లైబ్రరీకి వచ్చేసరికి గుమ్మంలో, గనిలో డంపరు లారీ నడిపే కాశయ్య నిలబడి ఉన్నాడు. భార్య పోయిన మనిషి. "బిడ్డ కడుపునొప్పి అంటది, ఏందే అంటే ఏడుస్తది. తల్లి లేకపాయె, నాకేం ఎరుక?" అని ముందురోజు టీ కొట్టు దగ్గర నాతో వాపోతుండగానే బుల్లమ్మ వచ్చి అతని ఫోను లాక్కుంది.

ఇప్పుడు ఆ ఫోనే మాట లేకుండా ముందుకు చాపాడు. బుల్లమ్మ ఒక్క చూపు చూసి, ఆడపిల్లలు ఎదిగే వయసు గురించిన పుస్తకం తీసి, పాత పేపరులో చుట్టి చేతిలో పెట్టింది. కాశయ్య నోరు విప్పాల్సిన పని పడలేదు.

అతని వెనకే ఉప్పలయ్య వచ్చాడు. ఆ వెనక కొత్త పెళ్లికొడుకు ముత్తయ్య, చెవులు ఎర్రబడి. వాళ్లూ అలాగే ఫోన్లు చాపారు. అప్పుడర్థమైంది నాకు. ఆమె ఏ ఫోనులోనూ ఊరికే వెతకలేదు. ఒకరి దగ్గు పది క్వార్టర్లకు వినిపించే ఊళ్లో, నోటితో అడగలేని పుస్తకాల పేజీలన్నీ వాళ్ల వాళ్ల ఫోన్లలో తెరిచిపెట్టి వచ్చింది.

"ఏంటి, ఎవరూ మాట్లాడరేం?" అన్నాడు ఆఫీసరు.

"లైబ్రరీల మాట్లాడొద్దని మీరే బోర్డు పెట్టిచ్చిన్రు గద సార్" అంది బుల్లమ్మ.

ఆఫీసరు తాళం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. అందరూ వెళ్లేదాకా పాత పత్రికొకటి తిరగేశాడు. దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడని నేను చెప్పలేదు. చివరికి లేచి, మొహం కిటికీ వైపు తిప్పుకుని, తన ఫోను బల్ల మీదికి మెల్లగా జరిపాడు.

బుల్లమ్మ అది చూసి, లోపలి బీరువా దాకా వెళ్లొచ్చింది. ఆయన పుస్తకానికి మాత్రం రెండు పొరల పేపరు చుట్టింది.

"పదిహేను రోజుల్ల తిరిగి దేవాలె సార్" అంది. "అప్పటిదాంక లైబ్రరీ ఉండాలె గద."