టేపు మాస్టారి కుచ్చులు

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. ప్రార్థనకు కూడా దానితోనే వచ్చేవాడు. అందుకే ఆ దర్జీ అందరికీ టేపు మాస్టారయ్యాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వాక్యపాఠం చెప్పేది ఆయనే. ఏసుప్రభువు కాలంనాటి యూదు బోధకుల పాఠం వచ్చిందంటే ఆయన్ని పట్టుకోలేం. భక్తి నలుగురికీ కనబడాలని వాళ్లు అంగీ అంచులకు పెట్టుకున్నట్టే, గుడ్డపీలికలతో పొడవాటి కుచ్చులు కట్టి, చొక్కా అంచుకు పిన్నులతో తగిలించుకుని, గడ్డం పైకెత్తి అటూ ఇటూ నడిచేవాడు. అంతా కడుపుబ్బ నవ్వేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ బోధకులైతే ఎదురు చెప్పడానికి కూడా లేరు పాపం.

ఇంటికొస్తే నవ్వే మనిషి లేదు. భార్య పోయింది. కూతురు నాలుగు వీధుల అవతలే ఉంది గానీ, ఆయనకిష్టం లేని పెళ్లి చేసుకుందని గడప తొక్కనివ్వలేదు. పగవాణ్ణయినా క్షమించాలని ఆదివారం చెప్పి, సోమవారం ఆ పిల్ల ఎదురైతే రోడ్డు దాటేసేవాడు. మొండితనానికి కొలతలుంటే ఆయన టేపు చాలేది కాదు. మిషను ఆగితే ఇల్లు మింగేసేలా ఉండేది. అందుకని బట్ట లేకపోయినా ఉత్తి మిషను తొక్కుతూ కూర్చునేవాడు.

ఓ ఆదివారం మళ్లీ కుచ్చులతో నడుస్తుంటే, ముందు వరుసలో ఉన్న నర్సు అడిగింది.

"మాస్టారూ, వాళ్లు దేవుడి ధర్మం తెచ్చిచ్చిన మోషే పీఠం మీద కూర్చున్నవాళ్లు, వాళ్లు చెప్పింది చెయ్యమనే కదా ప్రభువు అన్నాడు? చేసినట్టు చెయ్యొద్దన్నాడు గానీ."

మాస్టారు ఆగిపోయాడు. ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. ప్రతిసారీ దాన్ని దాటేసి నవ్వుల దగ్గరికి పరిగెత్తేవాడు. వాళ్లలో ప్రభువును వెతుక్కుంటూ వచ్చిన మంచివాడూ ఉన్నాడని, వాళ్లు చెప్పిన ధర్మం దేవుడిదేనని నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

"అది వాళ్ల నోటిదాకా వచ్చింది, చేతిదాకా రాలేదు. అంతే తేడా," అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయనకే తగిలింది. సిగ్గుతో ముఖం కందిపోయింది. పాఠం సగంలో వదిలేసి బయటికి నడిచాడు. వీధిలో జనం తిరిగి తిరిగి చూస్తున్నా ఎందుకో తెలియలేదు. కూతురి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తియ్యకపోతే మళ్లీ ఆ ఉత్తి మిషనే దిక్కు. చివరికి తట్టాడు.

కూతురు తలుపు తీసింది. చొక్కా అంచున వేలాడుతున్న కుచ్చులు చూసింది. చిన్నప్పుడు వాటికి అందరికంటే గట్టిగా నవ్వింది తనే. ఇప్పుడు నవ్వలేదు. వంగి ఒక్కొక్క పిన్నూ తియ్యసాగింది.

"తలుపు తీస్తావనుకోలేదమ్మా," అన్నాడు మాస్టారు.

"నువ్వు చేసింది నేర్చుకుని ఉంటే తీసేదాన్ని కాదు నాన్నా. నువ్వు చెప్పింది నేర్చుకున్నాను."